తలరాత ఎవరి చేతిరాత? గోదావరి డెల్టాలో కర్మ మీద తిరుగుబాటు



ఈ వరుసలో ఇది తొమ్మిదో భాగం. పోయిన భాగంలో పేటల్లో నడిచిన రాత్రి బడుల గురించి రాశాను. ఈసారి ఒక్క మాట పట్టుకుని రాస్తాను. ఆ మాట ఖర్మ.

సంస్కృతంలో కర్మ అంటే పని. చేసేవాడు ఉంటేనే పని ఉంటుంది. అదే మాట మన నోళ్లలోకి వచ్చేసరికి ఖర్మ అయ్యింది. "నా ఖర్మ" అన్నప్పుడు అది తాను చేసిన పని అని ఎవరూ అనుకోరు. తన నెత్తిన పడ్డదనే అనుకుంటారు. చేసే పని కాస్తా పడే బాధ అయిపోయింది. ఒక్క అక్షరానికి ఒత్తు తగిలేసరికి చేసినవాడు కాస్తా పడినవాడయ్యాడు. ఆ ఒత్తు ఎవరు పెట్టారు, దాన్ని తీసెయ్యడానికి మన డెల్టాలో ఎవరెవరు ఎట్లా ప్రయత్నించారు అన్నదే ఈ భాగం.

ఖర్మకి చుట్టాలు చాలామంది ఉన్నారు. ప్రాప్తం, యోగం, గ్రహచారం, తలరాత, నుదుటిరాత, రాసిపెట్టి ఉండటం. వీటిలో సగం రాతతో ముడిపడినవే. ఒక్కసారి ఆగి ఆలోచించండి. వెయ్యేళ్లకు పైగా ఏ జనాన్ని అక్షరం దగ్గరికి రానివ్వలేదో, ఆ జనానికే "మీ సంగతి ఎప్పుడో రాసేశారు" అని చెప్పారు. చదువు రానివాడు తన నుదుటి మీద ఏం రాసుందో చదవలేడు. చదవగలనన్నవాడు ఏం చెబితే అది నమ్మాలి. తలరాత అనే మాట నిలబడింది నిరక్షరాస్యత మీద.

మనిషి చేతిలో ఎంత ఉంది, మనిషికి మించినదాని చేతిలో ఎంత ఉంది అనే ప్రశ్న అన్ని మతాల్లోనూ ఉంది. ఫిలాసఫీ క్లాసులో అది ఆసక్తికరమైన చిక్కుముడి. గోదావరి పొలం గట్టు మీద మాత్రం అది కూలి ప్రశ్న, భూమి ప్రశ్న, చావుబతుకుల ప్రశ్న.

1. వాళ్లకు చర్చ, మనకు తీర్పు

మన జిల్లాలోనే మొదలుపెడదాం. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మహాభారతం తెనిగించడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. ఆ అరణ్యపర్వం మొదట్లోనే విధి గురించి పెద్ద వాదం ఉంది. రాజ్యం పోయి అడవిలో కూర్చున్న ద్రౌపది ధర్మరాజుని నిలదీస్తుంది. వ్యాసుడి మూలంలో ఆమె వాదన రెండు మెట్లుగా సాగుతుంది. మొదట, మనుషుల్ని ఈశ్వరుడు కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడని, అలాంటప్పుడు పాపం ఎవరిదని అడుగుతుంది. తర్వాత, అంతా దైవమే అని చేతులు ముడుచుకునేవాణ్ణి, అంతా యాదృచ్ఛికమని కూర్చునేవాణ్ణి ఇద్దర్నీ తప్పుపట్టి, పని చేసేవాడే మనిషి అంటుంది. ఆడమనిషి నోట ఇంత సూటి వాదం మన సాహిత్యంలో అరుదు.

ఆనుశాసనిక పర్వంలో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. దైవం గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా? భీష్ముడు చెప్పే జవాబులో ఒక పోలిక ఉంది. ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. డెల్టా జనానికి చప్పున అర్థమయ్యే పోలిక. కానీ నాకొక సందేహం. పొలమూ విత్తనమూ ఉన్నవాళ్ల సంగతి సరే. ఆ పొలంలో నడుం వంచి ఊడ్చేవాళ్లు ఈ పోలికలో ఎక్కడున్నారు? ఆ నారు నాటిన చెయ్యి దైవంలోకి వస్తుందా, ప్రయత్నంలోకి వస్తుందా? ఎందులోకీ రాదు. అసలు లెక్కలోనే లేదు.

మనం లెక్కలోకి వచ్చిన చోటు వేరే ఉంది. ఛాందోగ్య ఉపనిషత్తు అయిదో అధ్యాయంలో, మంచి నడవడి ఉన్నవాళ్లు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారని, చెడ్డ నడవడి ఉన్నవాళ్లు కుక్కగానో పందిగానో చండాలుడిగానో పుడతారని ఉంది. ఆ వరుస గమనించండి. అక్కడ చర్చ లేదు, ద్రౌపది లేదు, ఎదురు ప్రశ్న లేదు. రాజ్యం పోయినవాళ్లకు విధి ఒక చర్చ. మనకు అది తీర్పు. ఫిర్యాదు ఏమిటో, సాక్షి ఎవరో, నేరం ఏ తేదీన జరిగిందో చెప్పని తీర్పు.

ఇది పాలేరు అప్పు లాంటిది. అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, ఎంత తీరిందో అన్నీ ఆసామి పుస్తకంలో ఉంటాయి. పాలేరు వేలిముద్ర మాత్రం అడుగున ఉంటుంది. కర్మ సిద్ధాంతం అలాంటి పుస్తకమే. అసలు గతజన్మలో ఉంది కాబట్టి ఎవరూ చూడలేరు. తీరేది వచ్చే జన్మలో కాబట్టి ఎవరూ అడగలేరు. మధ్యలో ఉన్న ఈ ఒక్క జన్మ అంతా వడ్డీ కింద పోతుంది.

2. ఆదుర్రు దిబ్బ చెప్పే సంగతి

కర్మ సిద్ధాంతానికి జవాబు పడమటి దేశాల నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కోనసీమలో మామిడికుదురు మండలంలో ఆదుర్రు అనే ఊరుంది. అక్కడ బౌద్ధ స్థూపం ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మెట్ట వైపు వెళితే గుంటుపల్లి కొండ మీద గుహలు, చైత్యం ఉన్నాయి. అంటే నన్నయ ఇక్కడ కలం పట్టడానికి వందల ఏళ్ల ముందే ఇంకో ఆలోచన ఈ గోదావరి ఒడ్డున నివాసముంది.

బుద్ధుడు తన కాలంలో విధి గురించి నడుస్తున్న వాదాలన్నీ విన్నవాడు. మక్ఖలి గోశాలుడు అనే ఆజీవకుడు అంతా నియతి అనేవాడు. దారపుండ విసిరితే దారం ఉన్నంత దూరం దొర్లి ఆగుతుంది, మూఢుడైనా పండితుడైనా అంతే, చెయ్యగలిగేది ఏమీ లేదు అన్నది అతని వాదం. బుద్ధుడు ఆ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. అంగుత్తర నికాయంలో ఒక సుత్తంలో ఆయన మూడు నమ్మకాల్ని పక్కపక్కన పెట్టి విచారిస్తాడు. ఇప్పుడు అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలితమే అనేది ఒకటి. అంతా ఈశ్వరుడు చేసిందే అనేది రెండు. దేనికీ కారణమే లేదనేది మూడు. మూడూ చివరికి ఒక్క చోటికే చేరతాయని ఆయన తేలుస్తాడు. ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్న తేడా పోయి మనిషి చేతులు ముడుచుకుంటాడు.

ఈ పరీక్ష నాకు చాలా ముఖ్యం. బుద్ధుడు ఆ నమ్మకం ఎవరు చెప్పారని అడగలేదు, ఎంత పాతదని అడగలేదు. అది మనిషిని లేపుతుందా, కూర్చోబెడుతుందా అని అడిగాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ చివరి పుస్తకం "బుద్ధుడు, ఆయన ధమ్మం" 1957లో, ఆయన పోయాక వచ్చింది. అందులో గతజన్మ కర్మను మోసుకొచ్చే బ్రాహ్మణ సిద్ధాంతాన్ని బుద్ధుడి కర్మ నుంచి విడదీయడానికి ఆయన ఎంతో శ్రమ తీసుకున్నారు. ఆ గీత ఎందుకు గీశారో పాలేరు అప్పు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

3. రాళ్లు పేరిస్తే మారిన రాత

ఇప్పుడు 19వ శతాబ్దానికి వద్దాం. ఈ రోజు పచ్చగా కనిపించే ఈ డెల్టా అప్పుడు ఇలా లేదు. 1832–33 కరువు కోస్తా జిల్లాల్ని ఊడ్చేసింది. 1839లో తుపాను ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. ఒక ఏడు నీళ్లు లేక చావు, ఇంకో ఏడు నీళ్లలో చావు. దీన్ని దేవుడి ఆగ్రహం అనో, చేసుకున్న పాపం అనో అనుకోవడం తప్ప జనానికి దారి లేదు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి అది పూర్తయ్యింది. వేలమంది కూలీలు రాళ్లు మోశారు, మట్టి తవ్వారు. కాలువలు పారాయి, లాకులు లేచాయి, కరువు సీమ అన్నపూర్ణ అయ్యింది. అంటే తరతరాలుగా రాసిపెట్టి ఉందనుకున్నది అయిదేళ్లలో రాళ్లూ సున్నమూ చెరిపేశాయి. కాటన్‌కి ఈ రోజు ఊరూరా విగ్రహాలున్నాయి, ఆయన్ని దేవుడిలా కొలిచేవాళ్లున్నారు. రాత మారుతుందని డెల్టా రైతు కళ్లారా చూశాడు కాబట్టే ఆ కృతజ్ఞత.

నా ప్రశ్న దాని తర్వాతిది. నదిని మళ్లించగలిగినప్పుడు పేటను ఎందుకు మళ్లించలేకపోయారు? నీళ్లు వచ్చాక భూమి విలువ పెరిగింది. భూమి ఉన్నవాడు మోతుబరి అయ్యాడు. భూమి లేనివాడికి పని పెరిగింది. ఊడ్పులు, కలుపు, కోతలు, కుప్పనూర్పులు. కరువు దేవుడి ఇష్టం కాదని ఒప్పుకున్న ఊరే, పేట మాత్రం దేవుడి ఏర్పాటే అని పట్టుబట్టింది. తనకు లాభం వచ్చే చోట మనిషి ప్రయత్నం, ఎదుటివాడు లేచే చోట విధి. ఈ రెండు తూకపురాళ్లూ ఒకే ఇంట్లో ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి.

4. పుట్టుగుడ్డివాడి కథ పేటకు వచ్చినప్పుడు

ఆనకట్టకు పదేళ్ల ముందే ఇంకో సంగతి జరిగింది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు బ్రదరన్ మిషనరీలు ఈ దేశానికి వచ్చి, తర్వాత నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అక్కడ మొదలైంది. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. చెప్పులు కుట్టడం గతజన్మ పాపఫలం అని చెప్పే నేల మీదికి, చెప్పులు కుట్టిన చేతితో ఒకడు పుస్తకం పట్టుకుని గురువుగా వచ్చాడు. ఆ తర్వాత రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషన్ మొదలుపెట్టిన పని అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1854లో ఏలూరులో ఆంగ్లికన్ల సీఎంఎస్, 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు పని మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రాజమండ్రి లూథరన్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ మార్టిన్ లూథర్ మనిషి స్వేచ్ఛను పొగిడినవాడు కాదు. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషికి స్వేచ్ఛ ఉందని పుస్తకం రాస్తే, 1525లో లూథర్ దానికి జవాబుగా మనిషి సంకల్పం బందీ అని ఇంకో పెద్ద పుస్తకం రాశాడు. రక్షణ మనిషి చేతిలో లేదు, దేవుడి కృపలోనే ఉంది అన్నది ఆయన వాదం. మనిషి సంకల్పం బందీ అని చెప్పిన చర్చి, మన మాల మాదిగ పేటల్లో విడుదలలా ఎందుకు వినిపించింది?

నాకు తోచే జవాబు ఇది. మనవాళ్లు లూథర్ పుస్తకం వినలేదు, సువార్త కథలు విన్నారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక పుట్టుగుడ్డివాడు కనిపిస్తాడు. ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, ఇతని అమ్మానాన్నలా అని శిష్యులు అడుగుతారు. ఎవరూ కాదంటాడు యేసు. ఈ కథ యూరప్‌లో ఒక అద్భుతం గురించిన కథ. గోదావరి పేటలో మాత్రం అది పుట్టుక గురించిన కథ. పుట్టకముందే పాపం చేశావని తరతరాలుగా విన్న మనిషికి, లేదు, నువ్వు ఏ పాపమూ మోసుకుని పుట్టలేదని ఒక పుస్తకం చెప్పడం ఎంత మాట! పైగా కృప అందరికీ ఒకటే అన్నప్పుడు అర్చకుడు, అంటరానివాడు ఒకే వరుసలో నిలబడాలి. లూథర్ ఉద్దేశం ఏదైనా, మనవాళ్లకు అందులో సమానత్వం వినిపించింది.

ఇంకో మాట. ఆ పుస్తకం చదవాలంటే అక్షరాలు రావాలి. అందుకని బడి వచ్చింది. రాత ఒకడి సొత్తు కాకుండా పోవడం అక్కడ మొదలైంది. తలరాత మీద మొదటి దెబ్బ చేతిరాతే కొట్టింది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మన చర్చిల్లోనే కొన్నాళ్లకు ఖర్మ పోయి "దేవుని చిత్తం" వచ్చింది. పాము కరిచి పిల్లాడు పోయినా దేవుని చిత్తం, ఆసామి కూలి ఎగ్గొట్టినా దేవుని చిత్తం. ఆ పుట్టుగుడ్డివాడి కథలోనే ఆ సందు కూడా ఉంది. దేవుడి క్రియలు కనబడటానికే అతను అలా ఉన్నాడన్న మాట పట్టుకుని ఏ బాధనైనా సమర్థించవచ్చు. మతం మారితే చాలదు, బాధ ఎవరి వల్ల వచ్చిందని అడిగే అలవాటు కూడా రావాలి.

రాజ్యం కూడా ఇందులో చెయ్యి వేసింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇప్పటికీ బయటే. ఇందులోని తిరకాసు చూడండి. నువ్వు ఎంచుకున్న మతం నీ పుట్టుకను చెరిపేసిందని కాగితం అంటుంది. ఏ మతం ఎంచుకున్నా నీ పుట్టుక చెరగదని ఊరు అంటుంది. స్వేచ్ఛగా ఎంచుకున్నందుకు శిక్ష ఒక చోట, ఎంచుకున్నా ఫలితం లేకపోవడం ఇంకో చోట. మధ్యలో ఉన్నది పేట.

5. కలం పట్టినవాళ్లు

మళ్లీ రాజమండ్రికి వద్దాం. కందుకూరి వీరేశలింగం 1878 నుంచి రాసిన రాజశేఖర చరిత్రము తెలుగులో తొలి నవలల్లో ఒకటి. కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. జ్యోతిష్కుల్ని, బైరాగుల్ని నమ్మి ఒక గృహస్థు ఆస్తంతా ఎలా పోగొట్టుకున్నాడో అందులో ఉంది. జాతకాల పిచ్చి మీద ఆయన కొట్టిన దెబ్బ నిజమైన దెబ్బే. కానీ ఆ దెబ్బ అగ్రహారం దాటి పేట దాకా రాలేదు. జాతకం రాయించుకోవాలంటే పుట్టిన ఘడియ రాసిపెట్టేవాడు ఉండాలి. పేటలో ఎవరికి జాతకం ఉంది? మనకు జాతకం అక్కర్లేదు. కులమే జాతకం. జ్యోతిష్యాన్ని ఎగతాళి చేసినంత మాత్రాన ఆ జాతకం చిరగదు.

దాన్ని చింపడానికి పూనుకున్నవారు కుసుమ ధర్మన్న. రాజమండ్రి మనిషి, వృత్తిరీత్యా ఆయుర్వేద వైద్యులు. 1920ల మొదట్లో గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడితే ఆంధ్రదేశం ఊగిపోయింది. ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" అని పాడారు. పాట చట్రం అదే, నిందితుడు మారాడు. పరాయి పాలన విధి కాదు, దాన్ని మార్చవచ్చు అని చెప్పే కాంగ్రెస్ పెద్దలు అంటరానితనం దగ్గరికి వచ్చేసరికి కాలమే మారుస్తుంది అనేవాళ్లు. తెల్లవాడి విషయంలో ప్రయత్నం, మాలవాడి విషయంలో ఓర్పు! ధర్మన్న ఆ రెండు నాలుకల్ని పట్టుకున్నారు. తర్వాత "జయభేరి" పత్రిక నడిపారు. రోగం వస్తే రాతంటూ కూర్చోకుండా కారణం వెతికి మందిచ్చేవాడు వైద్యుడు. ధర్మన్న కులాన్ని కూడా రోగంగానే చూశారు.

1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి వచ్చింది. అందులో రామదాసు మాల పెద్ద, వేదాంతి. కొడుకు సంగదాసు ఆసామి చేతి దెబ్బకు చనిపోయినా ఆయన పగ పట్టడు. ఇంకో కొడుకు వెంకటదాసు మాత్రం ఓర్చుకోడు, తిరుగుబాటుదారు అవుతాడు. తండ్రీకొడుకుల మధ్య ఉన్న తేడాయే విధికీ ప్రయత్నానికీ మధ్య వాదం. ఉన్నవ వారి మనసు రామదాసు మీద ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. మన పిల్లలు నవల చదివాక గుర్తుపెట్టుకునేది మాత్రం వెంకటదాసునే.

1941లో జాషువా గబ్బిలం వచ్చింది. మహాకవి పుట్టింది వినుకొండలో అయినా, కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశారు. గబ్బిలంలో అరుంధతీసుతుడు శివుడికి కబురు పంపుతాడు. ఆ కావ్యంలో జాషువా చేసిన గొప్ప పని ఏమిటంటే, కర్మని నమ్మను అని ఊరుకోలేదు, రుజువు అడిగారు. ఆ కర్మ ఏమిటో, దానికి నా మీద కక్ష ఎందుకో ఈశ్వరుడే తేల్చి చెప్పాలన్నారు. ఛాందోగ్యంలో వినిపించిన తీర్పుకి, అన్నేళ్ల తర్వాత ఒక అంటరానివాడు వేసిన అప్పీలు అది. శివుడి జవాబు ఇంకా రాలేదు.

6. మామిడికుదురు, కందికుప్ప

బోయి భీమన్న 1911లో మామిడికుదురులో పుట్టారు. ఆదుర్రు స్థూపం ఉన్న మండలమే అది. ఆయన పాలేరు నాటకంలో ఒక పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టర్ అవుతాడు. కథగా ఇంతే. కానీ 1940ల్లో గోదావరి జిల్లాల్లో ఆ నాటకం ఆడిన ఊళ్లలో పాలేర్లు పని మానేశారని, పిల్లల్ని బడికి పంపారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకు? స్టేజీ మీద అదే గోచీ, అదే ముల్లుకర్ర చూశారు. తర్వాత అదే మనిషిని కుర్చీలో చూశారు. ఉపన్యాసం చెప్పలేనిది ఆ దృశ్యం చెప్పింది.

పాలేరులో ఒక పరిమితి కూడా ఉంది. ఒక పాలేరు డిప్యూటీ కలెక్టర్ అయ్యాడు. మిగతా పాలేర్ల సంగతి? ఒక్కడి ప్రయత్నం ఒక్కణ్ణి దాటిస్తుంది. ఈ సంగతి భీమన్నకు తెలియదనుకోను. ఆయనకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం పేరు "గుడిసెలు కాలిపోతున్నాయి". కాలేటప్పుడు ఒక్క గుడిసె కాలదు. పేటంతా కాలుతుంది.

ఆ రెండో సగాన్ని పూర్తి చేసినవారు కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం. తండ్రి బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ నాయకులు, ఎమ్మెల్యే. 1985 జూలై 17న కారంచేడులో మన మనుషుల్ని చంపినప్పుడు తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. ఆ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. తారకం కవి. కానీ ఈ వ్యాసానికి నాకు కావాల్సింది ఆయన రాసిన "పోలీసులు అరెస్టు చేస్తే" అనే పుస్తకం. పోలీసులు ఇంటికి వస్తే ఏం అడగాలి, నీ హక్కు ఏమిటి అని చెప్పే పుస్తకం. విధికి వ్యతిరేకంగా తెలుగులో వచ్చిన గొప్ప పుస్తకాల్లో నేను దాన్ని లెక్కిస్తాను. స్టేషన్‌కి తీసుకెళ్తే ఇక అంతే అనుకున్న మనిషికి, అంతే కాదు, ఫలానా సెక్షన్ ఉంది అని అది చెప్పింది.

7. కొత్త తలరాత

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1996 డిసెంబరు 29న ద్రాక్షారామం దగ్గర వెంకటాయపాలెంలో దళిత యువకుల్ని కొట్టి, ఇద్దరికి తలలు, కనుబొమలు గొరిగించారు. తల మీద ఏం ఉండాలో రాసేది బ్రహ్మ కాదని, ఊరి పెత్తనమని అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 2024 ఏప్రిల్ 16న దోషులకు 18 నెలల జైలు శిక్ష వేసింది. 27 ఏళ్లు దాటింది. శిక్ష చిన్నదే. కానీ అన్నేళ్లూ వాయిదాలకు తిరిగిన ఆ మనుషుల్ని తలుచుకోండి. రాసిపెట్టి ఉందనుకుంటే మొదటి ఏడే ఇంట్లో కూర్చునేవాళ్లు.

2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గురించి దళితుల్ని వెలివేశారు, పనులు లేకుండా చేశారు. 2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టవద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఒక విగ్రహం, ఒక పేరు. ఎందుకంత కోపం? రాసే చెయ్యి మారిందని దాన్ని చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది కాబట్టి.

చదువుకునే పిల్లలకు మాత్రం ఇంకో మాట చెప్పాలి. మీ తరానికి తలరాత అని ఎవరూ ఎదురుగా చెప్పరు. మీకు చెప్పేది దానికి తిరగేసిన మాట. కష్టపడితే ఏదైనా సాధించవచ్చు, అంతా నీ చేతుల్లోనే ఉంది. వినడానికి అది స్వేచ్ఛలా ఉంటుంది. దాని రెండో సగం పరీక్ష పోయాక వినిపిస్తుంది: సాధించలేదంటే నువ్వు కష్టపడలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్నది లెక్కలోకి రాదు. హాస్టల్లో అన్నం లేదన్నది లెక్కలోకి రాదు. గతజన్మ పాపం పోయి ఈ జన్మ సోమరితనం వచ్చింది. నేరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ మన మీదే.

2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లిన రోహిత్ వేముల తన చివరి లేఖలో తన పుట్టుకను ఒక ప్రమాదంగా రాసుకున్నాడు. ఖర్మ అని రాయలేదు. ప్రమాదం అన్నాడు. ప్రమాదానికి కారణాలుంటాయి, బాధ్యులుంటారు, ఆపగలిగే దారులుంటాయి. ఆ మాటను మనం విచారణగా కొనసాగించాలి తప్ప ముగింపుగా తీసుకోకూడదు. మీలో ఎవరైనా ఇప్పుడు ఒంటరిగా ఆ బరువు మోస్తుంటే, దయచేసి ఒక్కరికైనా చెప్పండి. స్నేహితుడికి, టీచర్‌కి, ఇంట్లోవాళ్లకి, ఎవరికైనా సరే. ఈ పోరాటానికి మీ త్యాగం అక్కర్లేదు, మీరు కావాలి.

అంతా రాసిపెట్టి ఉంది అనే మాట, అంతా నీ చేతుల్లోనే ఉంది అనే మాట రెండూ ఒకే పని చేస్తాయి. మధ్యలో ఉన్న మనుషుల్ని, చట్టాల్ని, భూమి పట్టాల్ని, కూలి రేట్లని కనపడకుండా చేస్తాయి. బుద్ధుడు, ధర్మన్న, తారకం చెప్పింది మూడో మాట. పరిస్థితుల్ని మనుషులు చేశారు. మనుషులు చేసినవి కాబట్టి మనుషులు కలిసి మార్చగలరు. ఒక్కడి చేతిలో అంతా లేదు. పదిమంది చేతుల్లో చాలా ఉంది.

8. ఒక వ్యాకరణ పాఠం

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఒక వ్యాకరణ సంగతితో ముగిస్తాను. కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం అని బడిలో చదువుకున్నారు కదా. "రాముడు చెట్టు కొట్టాడు" అంటే కర్తరి. "చెట్టు కొట్టబడింది" అంటే కర్మణి. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని, మామూలు మాటల్లో మనం దాన్ని పెద్దగా వాడమని క్లాసులో చెబుతాం. కానీ పేట గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఊరంతా కర్త లేకుండానే మాట్లాడుతుంది. "అలా రాసిపెట్టి ఉంది." "కూలి ఇంతే ఉంటుంది." "భూమి పోయింది." "గుడిసెలు కాలిపోయాయి." ఎవరు రాశారు? ఎవరు అంత కూలి పెట్టారు? ఎవరు తీసుకున్నారు? ఎవరు కాల్చారు? వాక్యంలో కర్త ఉండడు. కర్త లేని చోటే ఖర్మ కూర్చుంటుంది.

అందుకే ఈ వారం ఒక పని పెట్టుకోండి. మీ ఊళ్లో, హాస్టల్లో, కాలేజీలో కర్త లేని వాక్యాలు పది రాసుకోండి. ఒక్కోదానికి కర్తను వెతకండి. స్కాలర్‌షిప్ ఆగిపోయింది అంటే ఏ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది? శ్మశానానికి దారి లేదు అంటే ఆ దారి ఎవరి చేనులో కలిసింది? సర్వే నంబరు ఎంత? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. అర్జీ రాయడానికి ఒక కాగితం చాలు. కర్త దొరికిన ప్రతి చోటా ఖర్మ ఒక అంగుళం వెనక్కి జరుగుతుంది.

వచ్చే భాగంలో నర్సాపురం, పాలకొల్లు మిషన్ బడుల్లో చదువుకున్న మొదటి తరం పేట ఆడవాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.